ఈశాన్యం గుంత

బడంగ్‌పేటలో నూట ఇరవై గజాల జాగ.
సున్నంతో గీసిన తొమ్మిది చదరాలు.
ముప్పై ఏండ్లు ఆర్టీసీ బస్సులో నిలబడ్డ సువర్ణమ్మ
పొద్దున ఏడింటికే వచ్చి
ఇసుక కుప్ప మీద కూచుంది,
ఒళ్ళో స్టీలు డబ్బా.

మొదటి గుంతలో నాలుగడుగులకే మొరం.
ఎర్రగా, గరుగ్గా, గడ్డపారను దిగనియ్యదు.
రెండో గుంతలో ఏకంగా రాయి.
ఖంగుమన్న చప్పుడుకి పక్క ప్లాటు కుక్క లేచి చూసింది.
"నసీబు మంచిగుందక్కా" అన్నాడు బాలపీరు మేస్త్రి.
అట్లా ఎనిమిది.
ఎనిమిదింటికీ ఆమె వేళ్ళు మడిచింది
చిల్లర లెక్కపెట్టినట్టు.

తొమ్మిదోది ఈశాన్యం మూల.
ఈశాన్యం పల్లముంటే మంచిదంటారు.
ఇది మరీ పల్లం.
పారకు ప్లాస్టిక్ కవర్లు, పగిలిన టైల్సు,
ఎవరి బాత్రూముదో గోడ ముక్క,
ఒంటి చెప్పు.
దాని కింద నల్లమట్టి.
తడిపి అరచేతుల మధ్య పామితే
దారంలా సాగింది గానీ తెగలేదు.
తెగని మట్టిని నమ్మొద్దని
బాలపీరు వాళ్ళ నాయన చెప్పేటోడట.

ఐదున్నర అడుగుల దగ్గర
తట్ట ఎత్తబోయిన లింగమ్మ ఆగింది.
నత్తగుల్ల.
గోరంత, తెల్లగా.
లేఅవుట్ కాగితాల్లో ఇక్కడ కుంట లేదు.
నత్తకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

"అన్నిటికీ నాలుగే గదా సారూ,
దీనికీ నాలుగే కానియ్యి.
కిందది ఎవరు చూస్తరు?"

మీర్‌పేటలో ఒక ఇల్లుంది.
హాల్లో కేలెండరు ఉండాల్సిన ఎత్తు కంటే
జానెడు కింద వేలాడుతుంది.
దాని వెనక పగులు,
కిటికీ మూల నుంచి నేల దాకా మెట్లు మెట్లుగా.
ఆ డ్రాయింగు మీద సంతకం నాది.
అప్పుడూ ఒకరు ఇదే అడిగారు,
నాకూ ఆ రోజు ఇంటికి తొందరగా వెళ్ళాలనిపించింది.
ఇది సువర్ణమ్మకు చెప్పలేదు.

"అమ్మా, బస్సు నాలుగు టైర్లూ
ఒకే తీరుగ బురదలో దిగితే?"
"దిగి నిలబడ్తది."
"ఒక్కటే దిగితే?"
ఆమె డబ్బా మూత పెట్టింది.
"అందరు అటే పడ్తరు" అంది.
కాసేపాగి,
"ఎన్ని ఫీట్లు తవ్వాలె?"

తొమ్మిది.
తొమ్మిదికి తగిలింది మొరం.
ఆ రాత్రే వాన.
తెల్లారి చూస్తే గుంత నిండా నీళ్ళు,
కుంట ఒక్క రాత్రికి తిరిగొచ్చినట్టు,
రెండు కప్పలతో సహా.
మోటారు పెట్టి తోడాం.
మెత్తబడ్డ అడుగును అరడుగు చెక్కి పారేశాం,
దాని మీద కంకర పరుపు, చువ్వల జాలీ,
జాలీ కింద బిళ్ళలు;
ఇనుము మట్టిని తాకితే తుప్పు దాన్ని వదలదు.
తీసిన మట్టిని మళ్ళీ పోయనియ్యలేదు.
కొత్త మొరం, తొమ్మిదంగుళాల చొప్పున,
నీళ్ళు, దిమ్మిస, నీళ్ళు, దిమ్మిస.
లింగమ్మ కూతురు మెత్తిన చోటల్లా ఎగిరి దూకి
తన పాదం దిగబడట్లేదని మాకు చూపించింది.
లాబొరేటరీ రిపోర్టు తర్వాత వచ్చింది.

గృహప్రవేశానికి పిలిచారు.
అందరూ టైల్సు చూస్తున్నారు, పూజగది తలుపు చూస్తున్నారు.
నేను పాయసం గ్లాసు పట్టుకుని
ఈశాన్యం మూలకి వెళ్ళాను,
గోడా గోడా కలిసే చోట
బొటనవేలు ఆనించి పైనుంచి కిందికి జరిపాను.
వెంట్రుకంత కూడా లేదు.

వెనక సువర్ణమ్మ.
"ఏం సారూ, టికెట్ చెకింగా?"

నవ్వాను.
జేబులో నత్తగుల్ల చేతికి తగిలింది.
ఇంకా మూడు వానాకాలాలు చూడాలి.